రుదైనా గీయనన్న జలపాతం

రుదైనా తన ఉద్యోగంలో గీసినన్ని జలపాతాలు ఈ భూమ్మీద ఉన్నాయో లేవో భూగోళం చదివినవాళ్లే తేల్చాలి. ఎత్తైనవి, పొట్టివి, రెండు పాయలుగా చీలినవి, అడుగున ఇంద్రధనుస్సు ఉన్నవి, లేనివి. వీటిలో ఒక్కదాన్నీ ఆమె కళ్లారా చూసి ఎరగదు. మా ఎడారి ఊరు జర్ఖాలో పుట్టి, జర్ఖాలో పెరిగి, ఇర్బిద్ వెళ్లి బొమ్మలు వేయడం చదువుకుని, మళ్లీ జర్ఖాకే వచ్చి చింతపండు రసం ఫ్యాక్టరీలో లేబుళ్లు గీసే పనిలో కుదురుకున్న మనిషికి జలపాతం ఎక్కడ తారసపడుతుంది? మా ఊళ్లో పైనుంచి కిందికి పడే నీళ్లంటే ఒక్కటే. మిద్దె మీద ట్యాంకు నిండాక ఎవరైనా మోటారు ఆపడం మరిచిపోతే గోడ వెంట కారే నీళ్లు. వాటిని చూసి ఇంద్రధనుస్సు గురించి ఆలోచించినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆ ఇంటివాళ్ల ఏడు తరాలూ గుర్తొచ్చేలా వీధి వీధంతా కేకలు వేస్తుంది.

ఆ రసం పేరు ‘తాత ముస్లిహ్’. ఫ్యాక్టరీ యజమాని అబూ ఖుతైబాకి స్వయానా తాత ఆయన. ఇత్తడి కూజా వీపున కట్టుకుని, గ్లాసులు గలగలలాడిస్తూ బజారంతా తిరిగి చింతపండు రసం అమ్మినవాడు. సీసా మీద ఆయన మీసాలతో సహా నిలబడి ఉంటాడు. వెనక జలపాతం. బతికినన్నాళ్లూ నీళ్లు కొనుక్కుని రసం కలిపిన మనిషి వెనక జలపాతం ఎందుకుందనీ, ఉంటే ఆయనకి కూజా మోసే ఖర్మ ఎందుకు పట్టిందనీ ఎవరూ అడగలేదు. రంజాన్ నెలలో దాహంతో ఉన్నవాడు ప్రశ్నలు అడగడు.

ప్రతి ఏడూ రంజాన్‌కి ముందు అమ్మకాల మేనేజరు షాహిర్ ఆమె బల్ల దగ్గరకి వచ్చేవాడు. దుబాయ్‌లో శిక్షణ పొంది వచ్చిన మనిషి కాబట్టి ఏ సంగతైనా కాస్త కళ్లు మూసుకుని చెప్పేవాడు. “చల్లదనం చాలడం లేదండీ రుదైనా గారూ. జలపాతం ఇంకాస్త పెంచండి” అనేవాడు. ఆమె పెంచేది. జలపాతం పెరిగిన కొద్దీ తాత ముస్లిహ్ ఓ మూలకి జరిగాడు. తర్వాత మోకాళ్ల దాకా మునిగాడు. కిందటేటికి నడుం దాకా నీళ్లలో నిలబడి, అయినా చిరునవ్వుతో గ్లాసు చాచుతూనే ఉన్నాడు.

ఆ ఏడు ఒక గురువారం ఉదయం రుదైనా తలకి సబ్బు పట్టించుకున్నాక కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. వారానికొక్కసారే వచ్చే నీళ్లతో శనివారం నింపిన ట్యాంకు శుక్రవారం దాకా రావాలి. పైవాటాలో అన్నయ్య పిల్లలు తమ పావురాలకి స్నానాలు చేయించారని తర్వాత విచారణలో తేలింది. పావురాలు మాత్రం ఆ పూట బహు శుభ్రంగా ఉన్నాయి. రుదైనా టీకి పెట్టిన నీళ్లు తెచ్చుకుని, అవి కాస్త చల్లారేదాకా నురగ కిరీటంతో కూర్చుని, సగం సబ్బు కడుక్కుని, మిగతా సగం మీద ముసుగు చుట్టుకుని ఆఫీసుకి వెళ్లింది. తల దురద పెడుతోంది. బల్ల మీద షాహిర్ రాసిపెట్టిన చీటీ ఉంది: ‘జలపాతం ఈసారి ఉధృతంగా.’

ఆమె చీటీ పట్టుకుని నేరుగా ఆయన గదిలోకి వెళ్లింది.

“గీయను.”

“ఏం గీయరు?”

“జలపాతం.”

“మరి దాని బదులు ఏం గీస్తారు?”

“ఇంకా తెలీదు. జలపాతం మాత్రం గీయను.”

షాహిర్ కళ్లు తెరిచాడు. “ఏమైందండీ, ఒంట్లో బాగుందా?”

“ఒళ్లు బానే ఉంది. తలలోనే సబ్బుంది.”

ఇంటికెళ్లి ఈ సంగతి తల్లితో చెప్పింది. ఆవిడ హజ్జా ఫిద్దా, మక్కా వెళ్లొచ్చిన పెద్దావిడ. ఆ ఇంటి ట్యాంకుకి సర్వాధికారి. మిద్దె మీది రేకు ట్యాంకుని ఆవిడ రోజూ పొద్దున్నే గరిటెతో తడుతుంది, ఎడమచేత్తో. ఠంగుమంటే ఖాళీ, దబ్‌మంటే నీళ్లు. ఆ రెండు చప్పుళ్లూ కలిసే చోట ఆగి, ట్యాంకు మీద తాను గీసుకున్న బొగ్గు గీతలతో సరిచూసుకుంటుంది. నీళ్లొచ్చే రోజు పైగీత. దాని కింద ఆదివారం, సోమవారం, అలా శుక్రవారం దాకా. ఏ రోజు నీళ్లు ఆ రోజు గీతకి పైనే ఉండాలి. లేకపోతే పైవాటాకీ కిందివాటాకీ కలిపి ఒకటే ఉపన్యాసం.

“జలపాతం గీయనన్నావా?” అంది హజ్జా ఫిద్దా. “మంచి పని చేశావ్. ఇన్నేళ్లూ ఎందుకు గీశావని నేనే అడగాలి.”

“ఉద్యోగం పోగొట్టుకోకని నువ్వే కదమ్మా అన్నావ్?”

“ఉద్యోగం పోగొట్టుకోవద్దన్నాను గానీ బుద్ధి పోగొట్టుకోమన్నానా? ముందు ఆ తల కడుక్కో. తాగే నీళ్లలోంచి చెంబుడే. రెండో చెంబు ముట్టావంటే రేపు నమాజుకి ముందు మొహం, చేతులు ఇసకతో తుడుచుకోవడమే గతి.”

రుదైనా మిద్దె మీదకి వెళ్లింది. తల్లి గరిటె, బొగ్గు గీతలు, ఖాళీ ట్యాంకు. వాటిని పుట్టినప్పటినుంచీ చూస్తోంది. చూడడానికి మాత్రం అప్పుడే కూర్చుంది.

కొత్త లేబుల్‌లో జలపాతం లేదు. తాత ముస్లిహ్ పైన ఓ మూల ఉన్నాడు, నడుం పైభాగం మాత్రం. లేబుల్ సీసా చుట్టూ పూర్తిగా తిరగకుండా ఒక పక్క నిలువునా సందు వదిలింది. ఆ సందులోంచి లోపలి రసం ఎంతుందో కనబడుతుంది. సందు పక్కనే పైనుంచి కిందికి వారం రోజుల గీతలు, బొగ్గుతో గీసినట్టే వంకరగా. అడుగున గరిటె పట్టుకుని సీసాని తడుతున్న ముసలావిడ. ఆవిడ నోటి దగ్గర ఒక మాట: ‘ఇంకా ఎంతుందో చూసుకున్నావా?’ సీసా మొత్తం మిద్దె మీది ట్యాంకే. ఒక్క గుక్కలో తాగేసినవాడికి వారం ఒక్క గుక్కలో అయిపోయినట్టు కనిపిస్తుంది.

అబూ ఖుతైబా ఆ లేబుల్‌ని చాలాసేపు చూశాడు. పెద్ద శరీరం, మెత్తని మనసు, ఆ మనసుకి అడ్డంగా వ్యాపారం ఉన్న మనిషి. 

షాహిర్ ఊరుకోలేదు. “సార్, దాహమేసి కొనుక్కునేవాడికి దాహమే గుర్తు చేస్తామా? ఇది పెళ్లికొచ్చినవాళ్లకి పాడె చూపించినట్టుంది.”

“మన ఊళ్లో దాహం మర్చిపోయినవాడు ఎవడైనా ఉంటే పట్టుకురండి” అంది రుదైనా. “వాడికి మీ జలపాతం అమ్ముకోండి. మిగతా ఊరికి ఇది.”

“ఈ ముసలావిడెవరు?” అన్నాడు అబూ ఖుతైబా.

“మా అమ్మ.”

“మా అమ్మనుకున్నాను” అన్నాడాయన, కాస్త భయంగా. తర్వాత వ్యాపారం గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. “చూడు రుదైనా. ఒక్క విడత వేద్దాం. సీసాలు వెనక్కొచ్చాయో, ఇక నువ్వు ఉద్యోగం మానేదాకా జలపాతమే గీస్తావు. షాహిర్ ఎంత అంటే అంత. నోరెత్తవు. ఒప్పుకుంటావా?”

“సీసాలు వెనక్కొస్తే గీస్తాను” అంది రుదైనా.

హజ్జా ఫిద్దాకి అచ్చయిన మొదటి సీసా చూపిస్తే ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని తనని తాను పరీక్షించుకుంది. “బొమ్మ బానే ఉంది. గరిటె కుడిచేతికిచ్చావ్. నేను ఎడమచేత్తో తడతాను. కన్నకూతురివి, తెలీదూ?” అంది. రుదైనా సిగ్గుపడింది గానీ అప్పటికే అచ్చు పూర్తయింది.

అంతకంటే పెద్ద తప్పు ఆవిడకీ కనబడలేదు. ఫ్యాక్టరీలో దాన్ని చూసిన ఎవరికీ కనబడలేదు. అందుకు కారణముంది. మా ఊళ్లో మనుషులు పైకి తెగలుగా, పేటలుగా ఉన్నట్టుంటారు గానీ అసలు విడిపోయేది నీళ్లరోజు దగ్గర. శనివారం వాళ్లు, మంగళవారం వాళ్లు, గురువారం వాళ్లు. శనివారం పిల్లని మంగళవారం ఇంటికి ఇస్తే ఆ పిల్ల దుప్పట్లన్నీ మూటగట్టుకుని శనివారం పుట్టింటికొచ్చి ఉతుక్కుపోవచ్చు. పెళ్లిచూపుల్లో ఈ సౌకర్యం గురించి పైకి ఎవరూ మాట్లాడరు. అందరూ ఆలోచిస్తారు. ఫ్యాక్టరీ చుట్టుపక్కల పేటలన్నీ శనివారానివి. అందులో పనిచేసేవాళ్లందరూ శనివారం వాళ్లే. అందుకని పైగీత పక్కన కుళాయి బొమ్మ వేసి, దాని కింద రుదైనా ‘నీళ్లొచ్చే రోజు: శనివారం’ అని రాస్తే, అది సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని రాసినంత సహజంగా కనబడింది అందరికీ.

కొండమీది పేట మంగళవారానిది.

కొత్త సీసాలు బుధవారం అక్కడి దుకాణాలకి చేరాయి. అచ్చయిన మాటకి మా జనం ఇచ్చే గౌరవం అపారం. అందులోనూ కుళాయి బొమ్మ పక్కన అచ్చయిన మాట. గురువారానికి పేటంతా కబురు పాకింది: నీళ్లరోజు మారిందట, శనివారమట, సీసాల మీద కూడా వేశారట. ‘నీళ్లాఫీసు వాళ్లు మనకి చెప్పకుండా చింతపండు రసానికి చెప్పారా?’ అని ఒక ముసలాయన అడిగాడట గానీ ఆయన మాట ఎవరూ వినలేదు. శనివారం మళ్లీ నిండబోయే ట్యాంకుని శుక్రవారం దాచుకునేవాడు పిచ్చివాడు. శుక్రవారం కొండమీది పేట స్నానాలు చేసింది. పిల్లలకి చేయించింది. మెట్లు కడిగింది. కార్లు కడిగింది. పండగ ముందు ఉతకాల్సిన తివాచీలన్నీ శనివారం తెల్లారుతూనే మిద్దెల మీద పరిచి, సబ్బుపొడి చల్లి, ట్యాంకు అడుగున మిగిలిన నీళ్లతో నురగ తేలేదాకా చీపుళ్లతో రుద్ది, జాడించడానికి కుళాయి తిప్పింది.

కుళాయి నిట్టూర్చింది.

పది గంటల వేళ ఫ్యాక్టరీ గేటు ముందు ఒక పికప్ బండి ఆగింది. నడిపినవాడు అజ్వద్ అనే పాతికేళ్ల పిల్లాడు. తల దించుకుని కూర్చున్నాడు, పక్కన వాళ్లమ్మ ఉమ్ అజ్వద్ ఉంది కాబట్టి. వెనక తివాచీలు ఒకదాని మీద ఒకటి, సబ్బు నురగ కారుతూ. దాని వెనక ఇంకో బండి. ఇంకోటి. ఆడవాళ్లు దిగారు, చేతులు మోచేతుల దాకా నురగతో. ఉమ్ అజ్వద్ ఒక తివాచీని ఈడ్చుకొచ్చి గేటు లోపల దభీమని పడేసింది.

“ఇదిగో మీ శనివారం!” అంది. “తీసుకోండి!”

షాహిర్ పరుగెత్తుకొచ్చాడు. నీళ్లాఫీసు నుంచి అప్పటికే ఫోన్ వచ్చింది. ఎవరో మర్యాదస్తుడైన ఉద్యోగి, శనివారాన్ని ప్రకటించే అధికారం చింతపండు రసానికి ఎప్పుడు దక్కిందో తెలుసుకోవాలని ఉందన్నాడు. షాహిర్ ఆ మర్యాద ఇంకా జీర్ణించుకోలేదు.

“అమ్మా, శాంతించండి. ఈ లేబుల్ గీసింది ఈవిడే” అని రుదైనాని చూపించాడు.

“నేనే” అంది రుదైనా ముందుకొచ్చి.

“నువ్వా? నువ్వు ఏ రోజుదానివి?”

“శనివారం.”

“అదీ సంగతి!” ఉమ్ అజ్వద్ వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. “శనివారం దొరసాని! వీళ్లకి లోకమంతా శనివారమే!”

“రోజు తప్పు వేశాను” అంది రుదైనా. “మీరెన్ని తిట్టినా పడతాను, అది నా తప్పే. గీతలు మాత్రం తప్పు కాదు. గీతలకి క్షమాపణ చెప్పను.”

“నాకెందుకే నీ క్షమాపణ? జాడిస్తుందా అది? నా తివాచీ నురగలో ఉంది. ట్యాంకులో చుక్క లేదు. మంగళవారం దాకా నా ఇంట్లో తొమ్మిది మందికి నేనేం పోయను, నీ గీతలా?”

షాహిర్ ఇదే అదనుగా చేతులెత్తాడు. “అమ్మలారా, మా మాట వినండి. ఈ లేబుల్ తీసేస్తున్నాం. మళ్లీ మన పాత జలపాతమే వేస్తాం. ఇంకా పెద్దది.”

ఉమ్ అజ్వద్ ఆయనవైపు మెల్లిగా తిరిగింది. “జలపాతమా? ఎక్కడుంది నాయనా అది?”

“అంటే... బొమ్మ.”

“బొమ్మ తెలుసు. ఇన్నేళ్లూ చూశాం. నీళ్లెక్కడున్నాయని అడుగుతున్నా. ఉంటే చెప్పు, తివాచీ తీసుకెళ్తా.”

ఒక్కసారి అందరూ నవ్వారు. నవ్వు ఆగాక అందరూ ఒకేసారి ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దంలో వినబడింది: సన్నగా, ఆగకుండా, ఫ్యాక్టరీ వెనకనుంచి నీళ్లు పారుతున్న చప్పుడు. లోపల పనిచేసేవాళ్లకి ఆ చప్పుడు ఏనాడో వినబడడం మానేసింది. సొంత గుండె చప్పుడు ఎవరికి వినబడుతుంది? మంగళవారం చెవులకి మాత్రం అది ఈద్ పండగకి పేల్చే ఫిరంగిలా మోగింది. నురగ చేతులన్నీ గాల్లో ఆగిపోయాయి.

“అదేంటి?” అంది ఉమ్ అజ్వద్.

“అది... సీసాలు నింపేముందు కడుగుతారు కదా” అన్నాడు షాహిర్. “ఆ నీళ్లు.”

“కొత్త సీసాలా?”

“కొత్తవే. పరిశుభ్రత కోసం.”

“అంటే శుభ్రమైన నీళ్లతో శుభ్రమైన సీసాలు కడుగుతారు. ఆ తర్వాత ఆ నీళ్లెక్కడికి పోతాయి?”

షాహిర్ కళ్లు మూసుకున్నాడు. దుబాయ్‌లో దీనికి శిక్షణ ఇచ్చి ఉండరు. ఉమ్ అజ్వద్ రుదైనావైపు చూసింది. తన సీసా మీద ముసలావిడ అడిగే మాట రుదైనాకి గుర్తొచ్చింది. ఆ మాట ఊరంతటినీ అడిగింది గానీ తాను రోజూ కూర్చునే గోడ అవతలని ఎప్పుడూ అడగలేదు. మొహం వేడెక్కింది.

“మురిక్కాలవలోకి” అంది.

ఆమె గేటు రెండు రెక్కలూ తెరిచి, “బండ్లు వెనక వాకిట్లోకి పోనీ” అని అజ్వద్‌కి చెప్పి, తానే ముందు నడిచింది. షాహిర్ వెంటపడ్డాడు.

“రుదైనా గారూ! యజమాని అనుమతి లేకుండా...”

“ఫోన్ చేయండి. అమ్మాన్‌లో ఉన్నారు.”

“ఆయన వచ్చేదాకా ఆగండి!”

“నీళ్లు ఆగుతున్నాయా?”

కాలవలోకి పోయే గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని లాగింది. అది రాలేదు. ఉమ్ అజ్వద్ తలముసుగు బిగించి ఆమె నడుం పట్టుకుని లాగింది. గొట్టం ఊడొచ్చింది, ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. వాకిట్లో పరిచిన తివాచీల మీద నీళ్లు పడుతుంటే ఆడవాళ్లు నాలుకలాడిస్తూ చేసిన ఆనంద నాదానికి లోపల యంత్రాల దగ్గరున్నవాళ్లు పెళ్లేదో జరుగుతోందనుకుని బయటికొచ్చారు. రుదైనా గొట్టం వదలలేదు. తప్పు తనది కాబట్టి పిండే పని తానే చేస్తానంది. చేసింది. తివాచీ పిండడమంటే ఒక మొండి మేనమామని ఒప్పించడం లాంటిది. సాయంత్రానికి ఆమె చేతులు లేవలేదు.

అబూ ఖుతైబా పొద్దు వాలాక, అస్ర్ నమాజు వేళకి వచ్చాడు. తన ఫ్యాక్టరీ గోడల మీద, లారీల మీద, తన గది కిటికీ మీద ఎర్రవీ నల్లవీ తివాచీలు ఆరుతున్నాయి. వాకిలి మధ్యలో బోర్లించిన సీసాల పెట్టె మీద ఉమ్ అజ్వద్ కూర్చుని అందరికీ పనులు చెబుతోంది. ఆయనకీ ఒకటి చెప్పబోయి, దుస్తులు చూసి ఆగింది.

షాహిర్ జరిగిందంతా విన్నవించాడు. అబూ ఖుతైబా కాలవ చూశాడు, గొట్టం చూశాడు, ఆరుతున్న తివాచీలు చూశాడు. చివరికి వ్యాపారం అడ్డుపడింది.

“రుదైనా, మన మాట గుర్తుందా?”

“గుర్తుంది.”

“ఊరంతా మన మీదకొచ్చింది. నీళ్లాఫీసు ఫోన్ చేసింది. ఇక జలపాతమే.”

“సీసాలు వెనక్కొస్తే గీస్తానన్నాను” అంది రుదైనా. చేతులు లేవకపోయినా గొంతు లేచింది. “వెనక్కొచ్చాయా?”

“షాహిర్, ఎన్నొచ్చాయి?”

షాహిర్ బండ్లవైపు చూశాడు, తివాచీలవైపు చూశాడు. “సీసాలు... సీసాలంటే... రాలేదు సార్.”

“ఒక్కటీ?”

“తివాచీలొచ్చాయి సార్.”

“తివాచీల గురించి మనం మాట అనుకోలేదు” అంది రుదైనా.

“సీసా ఎందుకు ఇస్తామయ్యా?” అంది ఉమ్ అజ్వద్ పెట్టె మీదనుంచే. “మా ఆయనకి గడ్డం గీసుకోడానికి దాన్లోనే పోసిస్తున్నా. సోమవారం గీత దాటాడంటే సగం గడ్డంతో పోతాడు పనికి. మొన్న గురువారం పోయాడు కూడా. అది సరే గానీ పెద్దాయనా, శనివారం వాళ్లకి సీసా చేశారు. మంగళవారం వాళ్లం మనుషులం కామా? మాకేదీ?”

అబూ ఖుతైబాకి ఈ ఫిర్యాదు తాను ఊహించిన ఫిర్యాదు కాదని అర్థం కావడానికి కొంత వ్యవధి పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహంలో మనసూ వ్యాపారమూ మొదటిసారిగా ఒకే వైపు నిలబడ్డాయి.

మరుసటి విడతలో పైగీత పక్కన కుళాయి బొమ్మ ఉంది. రోజు పేరు లేదు. ఆ చోటు ఖాళీగా వదిలేసి, ‘మీ నీళ్లరోజు మీరే రాసుకోండి’ అని వేసింది రుదైనా. ఊరంతా రాసుకుంది, బొగ్గుతో, పెన్నుతో, కాటుకతో. గేటు పక్కన అబూ ఖుతైబా ఒక పెద్ద రేకు ట్యాంకు పెట్టించాడు. సీసాలు కడిగిన నీళ్లు అందులోకి వస్తాయి, కావలసినవాళ్లు ఉతుక్కోడానికి పట్టుకుపోతారు. దాని మీద బొగ్గు గీతలు ఎవరు గీశారని ఆయన అడగలేదు.

అచ్చుకి వెళ్లేముందు ఆయన లేబుల్ చేతిలో పట్టుకుని ఆఖరి ప్రయత్నం చేశాడు.

“రుదైనా, తాత వెనక మరీ బోసిగా ఉందమ్మా. షాహిర్ కూడా బాధపడుతున్నాడు. ఓ మూలకి చిన్నది... సెలయేరు లాంటిది...”

“గీయను.”

“సరే, సరే. ఈ ముసలావిడ గరిటె చేయి ఎందుకు మార్చావ్?”

“ముందు వేసింది తప్పు. ఎడమచేయి.”

ఆయన ఇంకాస్త దగ్గరగా చూశాడు. నీళ్లు పోయినా మొదటి విడతలో నడుం దాకానే ఉన్న తాత ముస్లిహ్‌కి ఈసారి కింది భాగమూ బయటపడింది. ఇన్నేళ్ల తర్వాత ఆయనకి కాళ్లొచ్చాయి. పొడి నేల మీద, అరిగిన తోలు చెప్పులతో నిలబడ్డాడు.

“చెప్పులకి దుమ్ము కూడా వేశావే” అన్నాడు అబూ ఖుతైబా.

“నడిచి అమ్మాడు కదా” అంది రుదైనా, లేబుల్ ఆయన చేతిలోంచి తీసుకుని అచ్చుకి పంపిస్తూ.